పదకొండు మంది

పన్నెండు శాతం ఎక్కడ, ఇరవై ఆరు ఎక్కడ అని
క్యాలిక్యులేటర్ నా మొహానికి అడ్డం పెడతావు.
లెక్క నిజమే గౌరీశూ.
ఎనభై సెంటీమీటర్ల గుడ్డలోంచి
చేతులతో సహా రవిక తీసేదాన్ని,
వడ్డీ తెలీదా నాకు?

కానీ డాబాగార్డెన్స్‌లో మీ సహకార బ్యాంకుకి
గోడవారన ఒక చెక్క బెంచీ ఉంది చూడు,
దానిమీద నేను కూర్చున్న నాలుగు మంగళవారాలకి
ఎంత శాతం వేస్తావు?
ప్రతిసారీ కొట్టు షట్టరు దించే వచ్చాను.
"ఇంత డబ్బు ఎందుకమ్మా? పూచీ ఎవరు?"
మీ మేనేజరు తలెత్తకుండానే అడిగాడు.
పక్క సీట్లో నువ్వు ఫైళ్ళు సర్దుకున్నావు.
తప్పు పట్టట్లేదు. నీ ఉద్యోగం నీది.

కంచరపాలెం మెట్టు కింద సత్యానందం దగ్గర బెంచీ కూడా లేదు.
పొద్దున్న తొమ్మిది వందలు చేతిలో పెట్టి
సాయంత్రం వెయ్యి పట్టుకుపోతాడు.
ఇవ్వలేని రోజు
నా మెషీను మీద చెయ్యి వేసుకుని నిలబడతాడు.
కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు
గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు.
ఆ చెయ్యికి ఎంత శాతం?

ఈ యాప్ సంగతి చెప్పింది దాలమ్మ,
ఫిషింగ్ హార్బర్లో ఐసు కొట్టి అమ్మే దాలమ్మ.
తడి వేళ్ళకి ఫోను పలకదని
కొంగుతో తుడుచుకుని మరీ చూపించింది.
"కారణం అడుగుద్ది గాని
మొకంలోకి సూడదే ఒలమ్మా."
అంతే. ఆ మాటకే పడిపోయాను.

రాత్రి అందరూ పడుకున్నాక
ఆధారు, పాను, మెషీను ఫోటో ఎక్కించాను.
మూడో రోజుకి ఓవర్‌లాక్ మెషీను డబ్బులు, ముప్ఫై రెండు వేలు.
ఒక్కరి దగ్గర్నించి కాదు, పదకొండు మంది దగ్గర్నించి.
తెరమీద పేర్లుండవు, పొడి అక్షరాలే.
మ.జ. ఎనిమిది వేలు. ర.వి. ఐదు వేలు.
చిట్టచివర
క.సూ. ఏడు వందల యాభై.

అక్కడ ఆగిపోయాను.
వెయ్యి ఇద్దామనుకుని, చేతిలో లేక,
అయినా మానకుండా ఇచ్చినట్టుంది.

వాయిదా ఐదో తారీకు. నాలుగునే కట్టేస్తాను.
కట్టగానే ఆకుపచ్చ టిక్కు వెలుగుతుంది.
పాతికేళ్ళ కుట్టుపనిలో
సరిగ్గా చేశావని నాకెవరు చెప్పారు?
మనిషి కాదని తెలుసులే. నవ్వకు.

అందుకే నేనూ చెప్పాను.
గాజువాక పార్వతీశానికి, ఆటో బ్యాటరీకి.
మర్రిపాలెం నూకరత్నానికి, పచ్చడి సీసాలకి.
చేర్పించినందుకు రెండు వందలు బోనస్,
దానికోసం కాదని అనను,
కరెంటు బిల్లులో కలిసిపోయింది.

పార్వతీశం మూడు నెలలు కట్టి ఆపేశాడు.
ఫోన్లు అతనికే వెళ్తాయి,
నా సంతకం ఎక్కడా లేదు.
అయినా నాలుగొందల నంబరు బస్సులో
ఎవరు నాకేసి చూసినా
అతనికి అప్పిచ్చిన మనిషేమో అనిపించేది.
పూచీ అక్కర్లేదనే కదా ఇటు వచ్చాను!
"బాగుంటుంది, తీసుకో" అన్న నోటిమాటే
మెల్లగా పూచీ అయి కూర్చుంది.
ఒక వాయిదా నేనే కట్టాను.
ఇది నీకు చెప్పకూడదనుకున్నాను.

ఇంకెవరికైనా చెబుతావా అంటావు.
మొన్న కూడా ఒకావిడకి చెప్పాను.
కాకపోతే ముందు కూర్చోబెట్టి, టీ తెప్పించి,
మొహంలోకి చూసి
"ఇంత డబ్బు ఎందుకమ్మా?" అన్నాను.
నా నోట్లో మీ మేనేజరు గొంతు విని
నాకే నవ్వొచ్చింది.

వచ్చే నెలతో నా బాకీ తీరిపోతుంది.
క.సూ. ఎవరో,
ఆడో మగో, అనకాపల్లో ఆదోనో,
ఒకవేళ ఈ మెట్టెక్కి నా కొట్టుకే వస్తే
కుట్టుకూలి ముట్టను.
తెలిసే దారి లేదు గనక
ప్రస్తుతానికి
అందరి దగ్గరా తీసుకుంటున్నాను.